రాణిగారి మేక, ఇమ్మానుయేల్ మేక

ఆ రోజు పొద్దున సంపత్కుమార్ వేసుకున్న పథకం చాలా చిన్నది. తెల్లవారుతూనే ఆఫీసుకు వెళ్ళి కొత్త గేమ్ ప్రివ్యూ వీడియోను నెట్‌లో పెట్టాలి. అటునుంచి అటే అలిపిరి వెళ్ళి మెట్లెక్కాలి. కొండమీద తలనీలాలిచ్చి, దర్శనం చేసుకుని, సాయంత్రానికి ఇల్లు చేరాలి. ఇందులో బెడిసికొట్టే వీలున్న పని మెట్లెక్కడం ఒక్కటేనని అతని భార్య కల్యాణవల్లి అభిప్రాయం. అందుకే "మోకాళ్ళు జాగర్త" అని చెప్పి పంపింది. వీడియో విషయంలో జాగ్రత్త చెప్పాలని ఎవరికీ తోచలేదు.

తిరుపతి బైరాగిపట్టెడలో మిక్సీలు రిపేరు చేసే అంగడి పైనున్న రెండు గదులే సంపత్కుమార్ కంపెనీ. అక్కడ ముగ్గురు కలిసి వీడియో గేములు తయారుచేస్తారు. సంపత్కుమార్ యజమాని. ఫోన్లు మాట్లాడటం, కరెంటు పోతే కిందికి దిగి కనుక్కోవడం, పొద్దున తాళం తియ్యడం అతని పనులు. నాయుడుపేట నుంచి వచ్చిన ఇమ్మానుయేల్ ప్రోగ్రామ్ రాస్తాడు. చంద్రగిరి అమ్మాయి కోమలి బొమ్మలు గీస్తుంది.

గేమ్ పేరు "రాణిగారి మేక". చంద్రగిరి కోటలో రాణిగారు ముద్దుగా పెంచుకుంటున్న మేక కట్టు తెంచుకుంటుంది. ఆడేవాళ్ళ పని దాన్ని పట్టుకోవడం కాదు, ఆడేవాళ్ళే ఆ మేక. రాజమహల్లో పూలదండలు నమిలి, మంత్రిగారి తలపాగా కొరికి, ఏనుగు ముందరి చెరకు లాక్కుని, చివరికి కోట వెనకున్న కొండ కొమ్ముకు చేరుకోవాలి. దీనికోసం కోమలి రెండేళ్ళపాటు కాగితాల మీద నీటిరంగులతో కోటంతా గీసింది. ఆ ఊళ్ళో పుట్టి పెరిగిన పిల్ల కాబట్టి ఏ వేళకు ఏ బండ ఏ రంగులోకి తిరుగుతుందో ఆమెకు తెలుసు. మేక కోసమైతే ఎదురింటి ఆనందమ్మ మేకల వెంట నెలల తరబడి తిరిగింది. మేక ఊరికే నిలబడినప్పుడు చెవి ఎటు తిప్పుతుందో, దూకబోయే ముందు మోకాలు ఎలా మడుస్తుందో చూసి చూసి గీసింది.

ఆ బొమ్మలు తయారయ్యేదాకా ఇమ్మానుయేల్ చేతులు కట్టుకుని కూర్చోలేడు కదా! పరుగూ దూకుడూ సరిగ్గా వస్తున్నాయో లేదో చూసుకోవడానికి తానే ఒక మేకను చేసుకున్నాడు. అది గోధుమరంగు పెట్టె. దానికి నాలుగు పుల్లలు, ఒక కన్ను. వెనక ఆకాశం ఊదారంగు, ఎందుకంటే ఆ రంగే మొదట చేతికి తగిలింది. రెండో కన్ను ఏమైందని కోమలి అడిగితే, "పరిగెత్తేదానికి కన్నెందుకు కోమలమ్మా" అన్నాడు.

కోమలి బొమ్మలతో చేసిన ప్రివ్యూకు కంప్యూటర్లో "ఫైనల్" అని పేరు. ఇమ్మానుయేల్ పరీక్ష కోసం తీసుకున్న వీడియోకు "ఇదే ఫైనల్" అని పేరు. తెల్లవారుజామున తలస్నానం చేసి, నామం పెట్టుకుని, గోవింద నామం అనుకుంటూ వచ్చిన మనిషి ఈ రెండింట్లో దేన్ని నమ్ముతాడో వేరే చెప్పనక్కరలేదు. సంపత్కుమార్ "ఇదే ఫైనల్"ను పంపి, కంప్యూటర్‌కు దణ్ణం పెట్టి, తలుపు తాళం వేసుకుని అలిపిరి ఆటో ఎక్కాడు. వెళ్ళేటప్పుడు ఫోను ఆపేశాడు. దేవుడి దగ్గరికి పోతూ ఫోను చూసుకోవడం అతనికి ఇష్టం లేదు.

అదే సమయంలో చంద్రగిరిలో కోమలి ఇంటి ముందర చెప్పులు నిండిపోయాయి. కూతురి బొమ్మలు టీవీలో వస్తాయని సుబ్బులమ్మ వీధి వీధంతా పిలిచింది. ఒక దబరా నిండా చెనిక్కాయలు ఉడకబెట్టింది. కోమలి ఫోన్ను టీవీకి కలిపి వీడియో నొక్కింది.

ఊదారంగు ఆకాశం కింద ఒక పెట్టె కుంటుకుంటూ పరిగెత్తింది. ముందుకాళ్ళు ఒక లెక్కన, వెనకకాళ్ళు ఇంకో లెక్కన కదిలాయి. మధ్యలో గోడ తగిలి ఆగి, ఆడియన్స్ వైపు ఒంటికన్నుతో చూసి, మళ్ళీ పరిగెత్తింది. వీడియో అయిపోయింది.

అందరూ టీవీని చూసి, తర్వాత కోమలిని చూశారు.

"ఏమ్మే పాపా," అంది సుబ్బులమ్మ మెల్లగా. "రెండేండ్లు కన్నులు పోగొట్టుకోని గీసింది ఇదేనా?"

"అమ్మా, ఇది నాది కాదు!"

"ఉండు మే సుబ్బులూ, పాపనేమీ అనబాక," అని ఆనందమ్మ అడ్డం వచ్చింది. "బానే ఉండాది. ఇటికరాయికి కాళ్ళొస్తే ఎట్లుంటాదో అట్లే గీసింది. ఒక కన్ను తక్కువగా ఉండాది, అంతే గదా. మా మేకలకుండాయి రెండ్రెండు, ఏం జేసుకుంటాండాయి!"

వీధి వీధంతా బాగుంది, బాగుంది అంటూ కోమలిని ఓదార్చింది. ఆ ఓదార్పు భరించలేక ఆమె పెరట్లోకి పరిగెత్తి సంపత్కుమార్‌కు ఫోను చేసింది. మోగలేదు. ఇమ్మానుయేల్‌కు చేసింది. అతను భార్య స్టెల్లా పెట్టిన పొంగలి తింటూ వీడియో తెరిచి చూశాడు. స్పూను కింద పడింది.

"అయ్యో దేవా! ఇది నా మేక!"

"తీసెయ్యన్నా!"

"యాడ తీసేది? పాస్‌వర్డు సార్ దగ్గరే ఉండాది. సారేమో కొండమీదుండాడు."

"అయితే కొండకు పో!"

ఇమ్మానుయేల్ బస్సెక్కి తిరుమల వెళ్ళాడు. సంపత్కుమార్‌ను కనిపెట్టడం కష్టం కాదనుకున్నాడు. దట్టమైన ఉంగరాల జుట్టు, అర కిలోమీటరు దూరం నుంచి గుర్తుపట్టొచ్చు. కొండ మీదికి వచ్చాకగానీ తన పొరపాటు తెలియలేదు. ఎటు చూసినా గంధం పూసిన గుండ్లే. పొట్టి గుండ్లు, పొడుగు గుండ్లు, మీసమున్న గుండ్లు, లేని గుండ్లు. ఇమ్మానుయేల్ "సార్!" అని ఒకాయన భుజం తట్టాడు. ఆయన కర్నూలు వ్యాపారి. ఇంకొకాయన సేలం నుంచి వచ్చిన బస్సు డ్రైవరు. మూడో ఆయన నిజంగానే సారు, ఏదో స్కూల్లో లెక్కల సారు. ఈ మనిషి ఎవరినో పోగొట్టుకున్నాడని జాలిపడి, ఒక పెద్దమ్మ చెయ్యి పట్టుకుని అన్నదానం దగ్గరికి తీసుకుపోయి కూర్చోబెట్టింది. "ముందు తిను నాయనా. కడుపు నిండితే మనుషులు దొరుకుతారు" అంది. అతను కన్నీళ్ళతో రెండుసార్లు సాంబారు వేయించుకున్నాడు.

ఇంతలో కింద లోకం తన పని తాను చేసుకుపోతోంది. మొదట వీడియో చూసినవాళ్ళంతా నవ్వారు. తర్వాత స్నేహితులకు పంపి వాళ్ళనూ నవ్వించారు. మధ్యాహ్నానికి చిత్తూరుకు చెందిన ఢిల్లీబాబు దీని మీద ఒక వీడియో చేశాడు. కొత్త గేములు రాగానే వాటి మంచీ చెడ్డా చెప్పడం అతని వృత్తి. అతని మాటను లక్షల మంది కుర్రాళ్ళు వింటారు.

"నవ్వకండప్పా," అన్నాడు ఢిల్లీబాబు గంభీరంగా. "ఒక్క కన్ను ఏంటికి పెట్టినారో ఆలోచించినారా? చరిత్రను మనం ఎప్పుడూ ఒకపక్క నుంచే చూస్తాము. అదీ దీని అర్థం. ఆ కాళ్ళు చూడండి, ఒకదానికొకటి కలవవు. రాజ్యం ఒక దోవ, జనం ఒక దోవ. ఇంక ఆ ఊదారంగు ఆకాశం గురించి నేను చెప్పను. చెప్తే ఏడుస్తాను. అందరూ తళతళలాడే బొమ్మలు చేస్తావుంటే, ఒక పెట్టెను మేక అని చెప్పే ధైర్యం ఎవురికుంటాది!"

దాంతో నవ్వినవాళ్ళంతా సిగ్గుపడి, మొదటినుంచీ తమకూ అలాగే అనిపించిందని రాయసాగారు. సాయంత్రానికి ఒంటికన్ను మేక టీషర్టుల మీదికి ఎక్కింది.

ఇమ్మానుయేల్ ఆశ వదులుకుని కిందికి దిగే బస్సెక్కాడు. ముందు సీట్లో ఎవరో గుండాయన లడ్డూ సంచిని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. బస్సు మలుపులు తిరుగుతుండగా ఆ మనిషి ఫోను ఆన్ చేశాడు. చేయగానే అది మోగింది.

"హలో... ఆఁ, చెప్పండి మేడం... ఏమిటీ, బెంగుళూరా? మా ప్రివ్యూ చూసినారా!" అని గుండాయన లేచి నిలబడి మళ్ళీ కూర్చున్నాడు. "స్వామి దయ మేడం. ఔనౌను, ఆ మేక మాదే. అంత సులభంగా రాలేదు మేడం, రెండేళ్ళు పట్టింది. మా ఆర్టిస్టు నిజం మేకల వెంట తిరిగి ఒక్కొక్క గీతా చూసి గీసింది... మీకు కన్నీళ్ళొచ్చినాయా? మాకూ అంతే మేడం."

ఇమ్మానుయేల్ వీపు నిటారుగా అయింది. ఆ గొంతు అతనికి తెలుసు.

"ఏమన్నారు మేడం? మలుపుల్లో సరిగ్గా వినపళ్ళేదు... ఆఁ, గేమ్ మొత్తం అదే స్టైల్ మేడం! మొదటినుంచి చివరిదాకా. వేరే రకం బొమ్మ ఒక్కటి ఉంటే నన్నడగండి!"

"కాదని చెప్పు సార్!" అని అరుస్తూ ఇమ్మానుయేల్ వెనకనుంచి ఫోను లాక్కోబోయాడు. సంపత్కుమార్ "దొంగ!" అని కేకపెట్టాడు. నలుగురు భక్తులు ఇమ్మానుయేల్‌ను సీటుకు అదిమిపట్టారు. ఈ గలాటాలో ఫోను కట్టయింది.

"ఏమప్పా, కొండమీద కూడా దొంగతనమేనా?" అన్నాడు కండక్టరు.

"నేను ఇమ్మానుయేల్ సార్!"

సంపత్కుమార్ కిందికి వంగి చూశాడు. "అరెరే, ఇమ్మానుయేల్! నువ్వేంది ఈడ? వదలండప్పా, మావాడే. లడ్డూ తిను. మనల్ని స్వామి చల్లగా చూసినాడు. బెంగుళూరులో గేములు విడుదల చేసే కంపెనీ. ఇన్నాళ్ళు మన మెయిల్‌కు జవాబే ఇయ్యలేదు, ఇప్పుడు వాళ్ళంతట వాళ్ళే వస్తామంటాండారు!"

ఇమ్మానుయేల్ తన ఫోన్లో వీడియో చూపించాడు. సంపత్కుమార్ చేతిలోని లడ్డూ నోటిదాకా వెళ్ళి అక్కడే ఆగిపోయింది.

వాళ్ళిద్దరూ నేరుగా చంద్రగిరి వెళ్ళారు. తలుపు తీసిన సుబ్బులమ్మ గుండు చూసి గుర్తుపట్టక, "ఎవురు సామీ?" అంది. సంపత్కుమార్ చేతులు జోడించాడు. రెండేళ్ళ పనిని చూపించాల్సిన రోజున పెట్టెను చూపించానని, కోమలి ముఖం చూడలేకపోతున్నానని చెప్పాడు.

"తప్పు జెయ్యనోళ్ళెవురు సామీ," అంది సుబ్బులమ్మ. "మెట్లెక్కి వచ్చినట్టుండారు, కూసోండి. చెనిక్కాయలు మిగిలిపోయినాయి." లోపలి నుంచి వచ్చిన కోమలికి ఎంత కోపముండాలో అంత ఉంది. కానీ ఆ గుండునూ, ఎవరో అదిమిపట్టగా చొక్కా చిరిగిన ఇమ్మానుయేల్‌నూ చూడగానే ఆమెకు నవ్వొచ్చేసింది. "అసలుది పెట్టండి సార్, సరిపోతాది" అంది.

అక్కడే కూర్చుని, పాత వీడియో బదులు అసలు ప్రివ్యూ పెట్టారు. ముగ్గురూ మెచ్చుకోళ్ళ కోసం ఎదురుచూశారు.

మొదటి జవాబు: "మా మేక యాడ?" రెండోది: "మేకకు రెండు కళ్ళు పెట్టి వ్యాపారం చేసుకుంటారా?" ఆ తర్వాత వరద మొదలైంది. పెట్టె మేకను చంపేశారన్నారు. ఏదో పెద్ద కంపెనీకి అమ్ముడుపోయారన్నారు. పాత మేకను తిరిగి తెమ్మని సంతకాలు పెట్టసాగారు. ఢిల్లీబాబు నల్లచొక్కా వేసుకుని సంతాపం తెలిపాడు. అన్నింటికంటే చివర ఒకాయన, "ఇవి మనిషి గీసినవి కాదు, మిషన్ గీసినవి. చూస్తేనే తెలుస్తోంది" అని రాశాడు. దానికింద చాలామంది అవునన్నారు.

కోమలి ఆ ముక్క రెండుసార్లు చదివింది. ఆమె కుడిచేతి చూపుడువేలికి కుంచె పట్టీ పట్టీ కాయ కాసింది. దాన్ని బొటనవేలితో రుద్దుకుంటూ ఉండిపోయింది. "నా మేకను వాండ్లు ముందు చూసుంటే బాగుండు" అంది చివరికి. "ఇప్పుడు అది ఎంత బాగున్నా, ఇంకోదాని కుర్చీలో కూర్చున్నట్టే ఉంటాది."

అప్పుడే బెంగుళూరు నుంచి మెసేజీ వచ్చింది. లోహిత అనే ఆ మేడం కొత్త వీడియో చూసి అయోమయంలో పడ్డారట. ఫోనులో మాటిచ్చిన ప్రకారం మొదటి స్టైల్‌లోనే మొత్తం గేమ్ చూడాలట. ఎల్లుండి వస్తున్నారట. ఇంకే కంపెనీ వీళ్ళవైపు చూడలేదు. ఇది పోతే బైరాగిపట్టెడ గదులు ఖాళీ చెయ్యడమే.

"ఒక పని చేద్దాము," అన్నాడు సంపత్కుమార్. "మొత్తం గేమ్‌ను పెట్టెలుగా మార్చేద్దాము."

కోమలి ఒప్పుకుంది. ముగ్గురి బతుకూ దీనిమీదే ఉందని ఆమెకు తెలుసు. ఇలా కోటలోని రాణి, రాజు, మంత్రి, ఏనుగు, అందరినీ పెట్టెలుగా చేసే బాధ్యత ఇమ్మానుయేల్ మీద పడింది.

అక్కడే చిక్కొచ్చింది. మేకను చేసినప్పుడు ఇమ్మానుయేల్ ప్రోగ్రామరు. ఇప్పుడు అతను కళాకారుడు. ఢిల్లీబాబు వీడియోను అతను కూడా పదేపదే చూశాడు. మరునాడు ఆఫీసుకు గడ్డం గీసుకోకుండా, భుజానికి గుడ్డసంచి తగిలించుకుని వచ్చాడు. రాణిగారి పెట్టెకు ఏ కన్ను తీసెయ్యాలో తేల్చుకోవడానికే సగం పూట పట్టింది. గీసిన ప్రతి పెట్టెకూ నీడ పెట్టాడు, మెరుపు పెట్టాడు. అవి అందంగానూ లేవు, అనాకారిగానూ లేవు. అట్టపెట్టెల్లా ఉన్నాయి. మధ్యాహ్నం అన్నం తెచ్చిన స్టెల్లా కోమలిని పక్కకు పిలిచింది.

"ఈయన్ని ఎట్లన్నా మామూలు మనిషిని చెయ్యి కోమలీ. పొద్దున ఇడ్లీ ముందర పెట్టుకోని అరగంట చూసినాడు. ఏందంటే, దీంట్లో గుండ్రం నిజాయితీగా లేదంట."

చేసేది లేక కోమలే పెట్టెలు గీయడానికి కూర్చుంది. చెడ్డగా గీయడం అంత కష్టమని ఆమె ఎన్నడూ అనుకోలేదు. పెట్టె గీస్తే దానికి మెడ వంపు వచ్చేసేది. ఎడమచేత్తో గీస్తే ఇంకా ముద్దొచ్చేది. కళ్ళు మూసుకుని గీసిన ఏనుగును చూసి సంపత్కుమార్ చెమ్మగిల్లిన కళ్ళతో, "ఇంత బాగా వేస్తే ఎట్లమ్మా? మునిగిపోతాము" అన్నాడు.

చెప్పిన రోజున లోహిత వచ్చింది. కుప్పంలో పుట్టి బెంగుళూరులో పనిచేస్తున్న మనిషి. వచ్చీరాగానే, "ఆ ఒంటికన్ను మేక మా ఆఫీసు గోడకు అంటించుకున్నాము" అని చెప్పి సంపత్కుమార్ గుండెలో రాయి వేసింది. కంప్యూటర్ ముందు కూర్చుని ఆట మొదలుపెట్టింది. పెట్టె మేక రాజమహల్లోకి నడిచింది. ఎదురుగా సింహాసనం మీద రాణిగారి పెట్టె. మేక దగ్గరికి పోగానే రాణిగారు నేలలోకి దిగబడి మాయమయ్యారు. ఆవిడ వెనకే రాజుగారు. తర్వాత మంత్రి, సేనాపతి, వరసగా సభలోని పెద్దలంతా ఒకరి తర్వాత ఒకరు బండల్లోంచి జారి పాతాళానికి వెళ్ళిపోయారు. చివరికి ఏనుగు కూడా వెళ్ళింది. కొలువులో మేక ఒక్కటే మిగిలింది.

ఇమ్మానుయేల్ తల పట్టుకున్నాడు. హడావుడిలో, పెట్టెలకు కింద నేల ఉందని ప్రోగ్రామ్‌లో చెప్పడం మరిచిపోయాడు.

లోహిత పగలబడి నవ్వింది. "ఇది కావాలనే పెట్టినారా? రాజ్యాలు పడిపోయేది చూపించినారా?"

సంపత్కుమార్ నోరు తెరిచాడు. అతను "ఔను" అనబోతున్నాడని అందరికీ తెలిసింది. అంతలో కోమలి ముందుకొచ్చింది.

"లేదు మేడం. అది పొరపాటు. మొదటి వీడియో కూడా పొరపాటే. ఆ మేక పరీక్షకు చేసుకున్నది. రెండేండ్లు మేము చేసింది వేరే. మీకు నచ్చకపోయినా ఒక్కసారి అది ఆడి పోండి. ఇంతదూరం వచ్చినారు, మిమ్మల్ని మోసం చేసి పంపలేను."

సంపత్కుమార్ కళ్ళు మూసుకున్నాడు. కానీ తెరిచాక అతనే వంగి "ఫైనల్" తెరిచాడు. "ఔను మేడం. బస్సులోంచి ఫోనులో మీకు చెప్పింది ఈ మేక గురించే" అన్నాడు.

లోహిత ముఖంలో నవ్వు పోయింది. నీటిరంగుల కోటను చూసి, "ఇది నేను చూసిన మేక కాదు గదా" అంటూ అయిష్టంగా ఆడటం మొదలుపెట్టింది. కొంతసేపు ఆమె కళ్ళు పెట్టె కోసమే వెతికాయి. తర్వాత పూలదండ నమిలింది. మంత్రిగారి తలపాగా కొరికి పారిపోయింది. చెరకు లాక్కుంది. కొండమీది బండ ఎక్కేటప్పుడు అలసటకు కీబోర్డు మీదినుంచి చెయ్యి తీసి ఒక్క క్షణం ఆగింది. తెరమీద మేక కూడా ఆగింది. దూరంగా ఎక్కడో గాలి చప్పుడయితే చెవి ఒకటి మెల్లగా అటు తిప్పింది. బండ రంగు పసుపు నుంచి ఎరుపులోకి దిగుతోంది. లోహిత ఆడటం మానేసి చూస్తూ ఉండిపోయింది. స్టెల్లా తెచ్చిన టీ మీద మీగడ కట్టింది.

"మా తాత దగ్గర మేకలుండేవి," అంది. "చెవి ఇట్లనే తిప్పేవి. నేను మరిచేపోయినాను." ఆమె కుర్చీ కోమలి వైపు తిప్పుకుంది. "వీడియోలో ఇది నాకు కనపళ్ళేదమ్మా. బొమ్మలు జరజరా పోయినాయి. పైగా నా తలకాయలో ఆ పెట్టె కూర్చోని ఉండాది. మొదట చూసింది అంత సులభంగా లేచిపోదు. అది మీ తప్పు కాదు, తిట్టినోళ్ళ తప్పూ కాదు. ఇంక వాళ్ళకు ఏమీ చూపించొద్దు. ఆటలో ఒక ముక్క ఇచ్చి ఆడుకోనియ్యండి."

"తిడతారేమో మేడం," అన్నాడు సంపత్కుమార్.

"తిట్టేదానికైనా ఆడాల గదా!"

జరిగిందంతా దాచకుండా రాయాలని సంపత్కుమార్ అన్నాడు. తన గుండు ఫోటో కూడా తానే పెట్టాడు. క్షమాపణ చెబుదామని ఇమ్మానుయేల్ అంటే, కోమలి ఒప్పుకోలేదు. "ముందు థాంక్స్ చెప్పాల. మన పొరపాటును కూడా అంత ప్రేమగా చూసినారు" అంది. చివరికి ఆమే రాసింది: "మా ఇమ్మానుయేల్ అన్న మేకను మీరు ముద్దు చేసినందుకు చాలా థాంక్స్. దాన్ని తీసెయ్యలేదు. ఆటలో ఏ మేక కావాలంటే ఆ మేకను ఎంచుకోవచ్చు. రెండో మేక నా చేత్తో గీసింది. దానికీ కొంచెం చోటియ్యండి."

కొట్లాడటానికి వచ్చినవాళ్ళే ముందుగా నెట్‌లోంచి ఆట దించుకున్నారు. పెట్టె మేకనే ఎంచుకున్నారు. పెట్టె మేక కోమలి గీసిన కోటలో తిరిగింది, కోమలి గీసిన దండలు నమిలింది. తర్వాత ఒక్కొక్కరూ, ఊరికే చూద్దామని, రెండో మేకకు మారారు. మారినవాళ్ళలో తిరిగి పెట్టెకు పోయినవాళ్ళు తక్కువ. ఢిల్లీబాబు ఈసారి తెల్లచొక్కా వేసుకుని, చేతితో గీసిన గీతలో ఉండే ప్రాణం గురించి తాను మొదటినుంచీ చెబుతూనే ఉన్నానని ప్రకటించాడు.

మిషన్ గీసిందన్న ఆయన కూడా రాశాడు. "కొండమీద మేక ఆగినప్పుడు మా అమ్మను పిలిచి చూపించినాను. ఆమె చాలాసేపు చూసింది. ఆ మాట అన్నందుకు క్షమించమ్మా. నీ చెయ్యి చల్లగుండ." కోమలి అది చదివి ఫోను తల్లి చేతికిచ్చింది. సుబ్బులమ్మకు చదువు రాదు. అయినా ఫోనును కళ్ళకద్దుకుంది.

లోహిత కంపెనీ గేమ్‌ను విడుదల చేసింది. బైరాగిపట్టెడ గదులు నిలిచాయి. ఇమ్మానుయేల్ గడ్డం గీసుకున్నాడు, స్టెల్లా గుడ్డసంచిని కూరగాయలకు వాడుకోసాగింది.

"నీ మేక ముందర పరిగెత్తకపోయుంటే, నా మేకను చూసేదానికి ఎవురూ వచ్చుండరన్నా," అంది ఒకరోజు కోమలి. ఆ మాట మర్యాదకు అన్నది కాదు. ఇమ్మానుయేల్ కీబోర్డు తిరగేసి దులపడం మొదలుపెట్టాడు.

ఆ ఆదివారం అందరూ కలిసి చంద్రగిరి కోటకు పోదామనుకున్నారు. తమకు ఇంత మేలు చేసిన కోటకు ఒక దణ్ణం పెట్టుకోవాలని సంపత్కుమార్ కోరిక. కల్యాణవల్లి పులిహోర కట్టుకొచ్చింది. సుబ్బులమ్మ, ఆనందమ్మ ముందే వచ్చి గడ్డిలో కూర్చున్నారు. మామూలు ఆదివారాల కంటే జనం ఎక్కువగా ఉన్నారు. చాలామంది గేమ్ చూసి వచ్చినవాళ్ళే. ఫోన్లు ఎత్తిపట్టుకుని, తెరమీది కోటనూ ఎదుటి కోటనూ మార్చి మార్చి చూసుకుంటున్నారు. కోమలికి కడుపు నిండినట్టయింది.

రాజమహల్ ముందు ఒకాయన భార్యాపిల్లలతో నిలబడి ముఖం చిట్లించుకున్నాడు. పుత్తూరు నుంచి వచ్చారట. కోమలిని చూసి, "ఏమ్మా, మీరు ఈ ఊరేనా?" అని అడిగాడు.

"ఔనన్నా."

"గోడకు ఈ రంగు ఎవురు ఏసినారు?"

"ఎవురూ ఎయ్యలేదన్నా. మొదటినుంచీ ఇంతే ఉండాది."

"యాడమ్మా! గేమ్‌లో ఎర్రగా, ఎంత బాగుండాది! మొదట చూపించింది ఒకటి, ఈడ పెట్టింది ఇంకొకటి. పిల్లోళ్ళను ఇంతదూరం తోలుకొచ్చినాను."

"సాయంత్రం దాకా ఉండన్నా, ఎర్రగా అవతాది," అంది కోమలి నవ్వు ఆపుకుంటూ.

ఆయన నమ్మలేదు. అక్కడే చెట్టునీడకు జరిగి, ఫోను తీసి కోటకు రెండు నక్షత్రాలిచ్చి, "మేక కూడా లేదు" అని కింద రాశాడు.